దక్షిణపు కిటికీ గొళ్ళెం

ఆ మధ్యాహ్నం దక్షిణపు గది కిటికీ గొళ్ళెం తీసిందెవరు?

మస్తూర జుట్టులో ఇప్పుడు తెలుపు కనిపిస్తోంది. తెర్మెజ్ ఊళ్ళో ఆమెను కొత్తగా వచ్చిన మనిషని అనేవాళ్ళు లేరు. పైపెచ్చు వీధిలోకి కొత్త కాపురం ఏదైనా దిగితే, వాళ్ళ గుమ్మం ముందు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి, "కిటికీలు మూసుకోవడం వచ్చా మీకు?" అని మొహం మీదే అడిగే మనిషిగా తనే తయారైంది. అయినా ఆ ప్రశ్న మాత్రం ఆమెను వదల్లేదు. గొళ్ళెం వేయడం ఆమే మరిచిపోయిందని వీధంతా తేల్చేసి ఏనాడో మరిచిపోయింది. కాని ఇనుప గొళ్ళెం కొక్కేనికి తగులుకున్నప్పటి చప్పుడు ఆమెకు గుర్తుంది. ఎండకు కాలిన ఇనుము బొటనవేలికి చురుక్కుమనడమూ గుర్తుంది. మరి గాలి తీసిందా? ఆ గొళ్ళేన్ని కింది నుంచి పైకి ఎత్తాలి. గాలికి వేళ్ళుంటాయా? ఇక తను కాక ఆ గదిలో అడుగుపెట్టిన మనిషి ఒక్కరే. ఖోల్‌బీబీ.

మస్తూర, ఆమె భర్త ఇల్ఖోమ్ ఆ ఇంట్లో అద్దెకు దిగింది నడి వేసవిలో. వాళ్ళది ఫెర్ఘానా లోయలోని మర్గిలాన్. ఇంటి ముందు కాలవ, కాలవ పక్కన మల్బరీ చెట్లు, చెట్ల కింద రోజంతా నీడ. ఇల్ఖోమ్‌కి ఇక్కడ నది మీది వంతెన దగ్గరి సరుకుల యార్డులో క్రేన్ మీద పని దొరికింది. పాస్‌పోర్టులో ఈ ఊరి చిరునామా ముద్ర పడితే గాని ఆ పని నిలవదు. ముద్ర పడాలంటే ఎవరో ఒకరు, వీళ్ళు తమ ఇంట్లో ఉంటున్నారని సంతకం పెట్టాలి. నది దాటితే వేరే దేశం, సరిహద్దు ఊరు కదా, ముక్కూ మొహం తెలియని వాళ్ళకి సంతకం పెట్టడానికి ఎవరూ ముందుకు రారు. తిరిగి తిరిగి చివరికి ఖోల్‌బీబీ తలుపు తట్టారు.

తలుపు తీసిన మనిషి పొడుగ్గా, ఎండిన కట్టెలా ఉంది. ఎడమ చెంప మీద పెద్ద పుట్టుమచ్చ. మొదట సామాను వంక చూసింది, తర్వాతే మనుషుల వంక చూసింది.

"ఇన్ని బొంతలెందుకు? ఇక్కడ చలికి చచ్చినవాళ్ళెవరూ లేరు."

"మా అమ్మ కుట్టిచ్చింది ఖాలా," అన్నాడు ఇల్ఖోమ్, పిన్నిని పిలిచినట్టు.

"మంచి పని చేసింది. దుమ్ము దాచుకోవడానికి పనికొస్తాయి."

పెరట్లో పెద్ద చెక్కమంచం మీద కూర్చోమంది. టీ తెచ్చింది. వచ్చిన మనిషికి టీ పోస్తే గిన్నె అడుగున కొంచెమే పోస్తారు. తాగేకొద్దీ మళ్ళీ కొంచెం, మళ్ళీ కొంచెం. కూర్చోండి, ఉండండి అని నోటితో చెప్పనక్కర్లేదు, ఆ కొంచెమే చెబుతుంది. ఖోల్‌బీబీ ఇద్దరికీ అంచు దాకా పోసింది. అలా పోస్తే అర్థం ఒకటే: తాగి, లేచి వెళ్ళండి. మస్తూర గిన్నె ఎత్తబోయి వేళ్ళు కాల్చుకుంది. భర్త వంక చూస్తే అతను దానిమ్మ చెట్టును తెగ పరీక్షిస్తున్నాడు.

మాట మార్చాలని మస్తూరే అడిగింది. "నది ఇక్కడికి దగ్గరేనా ఖాలా?"

"దగ్గరే. ఎందుకు?"

"ఊరికే. సాయంత్రం పూట ఒడ్డున కాసేపు కూర్చోవచ్చని..."

ఖోల్‌బీబీ గోడ వైపు తిరిగి కేకేసింది. "ఓ షరాఫత్! విన్నావా? కోడలు పిల్ల అమూ నది ఒడ్డున కూర్చుంటుందట!"

గోడవతల రొట్టెలు కాల్చి అమ్ముకునే షరాఫత్ పకపకా నవ్వింది. "చాప కూడా తెచ్చుకుందా? ఒడ్డు పొడుగునా ముళ్ళకంచే, దాని మీద పరిస్తే సరి! తుపాకీ పట్టుకున్న కుర్రాడే టీ పోస్తాడు!"

మస్తూర చెవులు వేడెక్కాయి. ఖోల్‌బీబీ మాత్రం నవ్వలేదు.

"చెబుతున్నాను, విను. రెండోసారి చెప్పను. ఈ ఊళ్ళో కాపురానికొచ్చి ఇన్నేళ్ళయింది, ఆ నది నీళ్ళు నా వేలికి తగల్లేదు. నది ఆ తుపాకీలవాళ్ళది, కంచె వాళ్ళది, దుమ్ము మనది. చెత్త పారబోయడానికెళ్ళినా పాస్‌పోర్టు దగ్గర పెట్టుకో. వంతెన వైపు వేలు చూపించకు. నీళ్ళు తెల్లారుజామున వస్తాయి, పట్టుకుంటే పట్టుకున్నట్టు, లేకపోతే లేదు. పెరడు తడిపి ఊడువు, పొడి మీద ఊడిస్తే ఆ దుమ్మంతా నీ గొంతులోకే. దాహమేస్తే వేడి టీ తాగు, చన్నీళ్ళు తాగావో మంచమెక్కుతావు. తెల్లబట్టలు కట్టకు. ఇంకోటి, ఈ ఊళ్ళో ఎవరైనా నీతో తియ్యగా మాట్లాడారంటే వాళ్ళకి నీతో ఏదో పనుందని తెలుసుకో."

"మీరు తియ్యగా మాట్లాడటం లేదు కదా ఖాలా," అన్నాడు ఇల్ఖోమ్ ధైర్యం చేసి.

"నాకు మీతో ఏం పని?"

అయినా సంతకం పెట్టింది. ఎందుకు పెట్టిందో చెప్పలేదు.

వాళ్ళకి ఇచ్చిన గది ఉత్తరం వైపుది. దక్షిణం వైపు గది ఖోల్‌బీబీది. మర్నాడు నీళ్ళ కుండ పెట్టడానికి వెళ్ళి మస్తూర ఆ గది గుమ్మంలోనే ఆగిపోయింది. ఎదుటి గోడకు, మేకుకు తగిలించి ఒక రొట్టె ఉంది. నడుమ అచ్చు గుద్దిన గుండ్రటి రొట్టె, గోడ రంగుకు తిరిగిపోయింది. ఒక అంచున నెలవంకలా కొరికిన గుర్తు.

అదేమిటో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మగవాడు సైన్యానికో దూరదేశానికో బయలుదేరే పొద్దున ఇంటి రొట్టె ఒక్క కొరుకు కొరికి ఇస్తాడు. మిగిలింది గోడకు తగిలిస్తారు. తిరిగొచ్చి ఆ మిగిలింది వాడే తినాలి. రొట్టె గోడ మీద చెక్కుచెదరకుండా ఉన్నంతకాలం ఆ మనిషి దారిలోనే ఉన్నట్టు. మర్గిలాన్‌లో వాళ్ళ అమ్మ కూడా కొడుకు రొట్టె అలాగే తగిలించింది. అన్న తిరిగొచ్చి, పాలలో నానబెట్టుకుని, పళ్ళు ఊడేలా ఉన్నాయే అంటూ తిన్నాడు. కాని ఆ రొట్టె ఇంత పాతది కాదు. ఇది రాయిలా ఉంది.

"ఎవరిది ఖాలా?" మెల్లిగా అడిగింది.

"కొరికినవాడిది," అంది వెనక నుంచి ఖోల్‌బీబీ. "చూశావుగా. ఇప్పుడు ఆ కిటికీ చూడు. పొద్దున నేను తెరుస్తాను, ఎండ ముదిరేలోగా నేనే మూస్తాను. నేను లేనప్పుడు దక్షిణాన ఆకాశం ఒంటె రంగుకు తిరిగిందంటే, నీ బట్టలు, నీ పొయ్యి, నీ మొగుడు, అన్నీ అక్కడే వదిలేసి ముందు వచ్చి ఈ గొళ్ళెం వెయ్యి. వింటున్నావా? గాలికి ఆ రొట్టె కింద పడిందో..."

మాట అక్కడ తెంపేసి బయటికి వెళ్ళిపోయింది.

ఆ గాలిని ఊళ్ళో అఫ్ఘానీ అంటారు. నది దాటి వస్తుంది, దానిని ఎవరూ పాస్‌పోర్టు అడగరు. మొదటిసారి అది వచ్చినప్పుడు మస్తూర పెరట్లో దుప్పట్లు ఆరేస్తోంది. పిచ్చుకలు ఒక్కసారిగా నోరు మూసుకున్నాయి. ఆకాశం దిగువన గోధుమరంగు గోడ లేచింది. దాన్ని చూస్తూ నిలబడిపోయింది తప్ప అదేమిటో ఆమెకు తోచలేదు. మరుక్షణం కళ్ళు, ముక్కు, నోరు అన్నీ ఇసుక. దుప్పట్ల వెనక పరిగెత్తుతుంటే ఒకటి షరాఫత్ ఇంటి మీదికి, ఒకటి వీధిలోకి ఎగిరిపోయాయి. ఖోల్‌బీబీ అన్ని కిటికీలు మూసుకుని, తన గుమ్మంలో తలుపు సందున నిలబడి చూసింది. సాయానికి రాలేదు. దుమ్ము తగ్గాక కిటికీ అద్దం గుడ్డతో తుడుచుకుంటూ అంది: "పట్టుకున్నావా? ఇంకొకటి మిగిలిపోయినట్టుంది, కంచె దాకా వెళ్ళి తెచ్చుకో. ఎలాగూ నది చూడాలన్నావు."

ఆ రోజు మస్తూర వంటింట్లో కూర్చుని ఏడ్చింది. ఏడిస్తే చెంపల మీద బురద చారలు పడ్డాయి.

ఖోల్‌బీబీ కథ ఆమెకు చెప్పింది షరాఫత్. రొట్టెలు తెచ్చుకోవడానికి వెళ్తే, పొయ్యిలోకి సగం వంగి, పిండిని లోపలి గోడకు చరుస్తూ చెప్పింది.

"అది మాత్రం ఇక్కడ పుట్టిందనుకున్నావా? బోయ్‌సున్ కొండల పిల్ల. ఊటనీళ్ళు తాగి పెరిగింది. పెళ్ళై వచ్చిన ఏడాది నీకన్నా ఎక్కువ ఏడ్చింది. వాళ్ళ అత్త ఏమనేదో తెలుసా? ఏడిస్తే ఏడువు గాని ఆ నీళ్ళేవో కుండలో ఏడువు, పనికొస్తాయి అనేది."

"మరి వాళ్ళాయన?"

"నార్జుల్లా. లారీ తోలేవాడు. నది అవతల యుద్ధం జరుగుతున్న రోజులవి, అప్పుడు వంతెన కొత్తది. అందరినీ తోలుకుపోయినట్టే వాడినీ బండితో సహా సైన్యం వాళ్ళు తోలుకుపోయారు. రొట్టె నేనే కాల్చాను. వాడు కొరికింది నా ముందే. ఇంత పెద్ద ముక్క కొరికి, నోటినిండా పెట్టుకుని, మిగతాది ఎలకలు తినకుండా చూడవే అని నవ్వాడు." షరాఫత్ మొహం మంట సెగకు ఎర్రగా ఉంది. "బండి దొరికింది. మనిషి దొరకలేదు. చచ్చిపోయాడని కాగితం రాలేదు, బతికున్నాడనీ రాలేదు. అత్త పోతూ పోతూ దీని చెయ్యి పట్టుకుని రొట్టె జాగ్రత్త అంది. అంతే, ఇదీ ఆ మేకుకే వేలాడుతోంది."

ఏటా చలికాలం ముందు బోయ్‌సున్ నుంచి ఖోల్‌బీబీ అన్న ఎష్మురాద్ పాత కారులో అక్రోట్లు తీసుకొస్తాడట. గుమ్మంలో నిలబడి, పద చెల్లీ, గది ఖాళీగా ఉంది, ఊట నీ గుమ్మం ముందే పారుతోంది అంటాడట. రొట్టె ఉంది కదన్నా అంటుందట ఈమె. అతను సంచి దించి వెళ్ళిపోతాడట.

"ఆ రొట్టె లేకపోతే ఈ ఊళ్ళో ఒక్క పూట ఉండదు," అంది షరాఫత్. "ఆ రొట్టె విరిగితే మాత్రం చచ్చిపోతుంది. రెండూ నిజమే. వేడిగా ఉంది, కొంగులో పట్టుకో."

తెలిశాక జాలి పుట్టాలి. పుట్టింది కూడా, ఓ రెండు పూటలు. కాని ఎదుటి మనిషి నోరు విప్పితే జాలి ఎంతసేపు నిలుస్తుంది? మస్తూర వంటలో నూనె ఎక్కువ. మస్తూర నడకలో చప్పుడు ఎక్కువ. "లోయవాళ్ళకి చక్కెర తినడం, నవ్వడం తప్ప ఏం వచ్చు?" వీధిలో ఆడవాళ్ళు కూడా ఆమె యాసను ఆమె ముందే అనుకరించి నవ్వేవారు. ఎవరింటికి వెళ్ళినా టీ గిన్నె నిండుగానే వచ్చేది. సాయంత్రం ఇల్ఖోమ్‌కి చెప్పుకుంటే, "ముద్ర పడిందిగా, ఇంకేం కావాలి?" అని ఆవలించేవాడు.

ఆగస్టు చివర్లో, ఒళ్ళంతా పేలి, తట్టుకోలేక మస్తూర కుండలోని నీళ్ళతో తలంటుకుంది. ఆ పూటకి ఇంట్లో ఉన్న నీళ్ళు అవే. ఖోల్‌బీబీ బజారు నుంచి వచ్చి, తడి జుట్టును, ఖాళీ కుండను చూసింది. సంచి కింద పెట్టకుండానే మొదలుపెట్టింది.

"కాలవలో పుట్టినదానివి కదూ! నీళ్ళంటే నీకు ఆట! ఇంటికి రా షరాఫత్, చూసిపో, మా మహారాణి స్నానం చేసింది! ఇక సాయంత్రం టీకి ఆవిడ జుట్టు పిండుకుందాం!"

"వెళ్తాను ఖాలా, వీధి చివర పంపు దగ్గర..."

"వెళ్ళు! మీరంతా వెళ్ళేవాళ్ళే! వస్తారు, ఒక వేసవి చూస్తారు, మూటలు కట్టుకుని వెళ్తారు. మా నీళ్ళు తాగి, మా దుమ్మును తిట్టి వెళ్తారు!"

మస్తూరలో ఏదో తెగింది. "మరి మీరెందుకు వెళ్ళరు? మీకూ ఈ ఊరంటే అసహ్యమేగా! పొండి మీ కొండలకి! ఎవరు పట్టుకున్నారు మిమ్మల్ని?"

ఖోల్‌బీబీ వేలెత్తి దక్షిణపు గది వైపు చూపించింది.

"ఆ రొట్టా?" ఇక ఆగలేకపోయింది మస్తూర. "రాయి అయిపోయింది ఖాలా అది! ఇప్పుడాయన వచ్చినా దాన్ని కొరకడానికి పళ్ళుంటాయా?"

గోడవతల షరాఫత్ చేతిలో గిన్నె చప్పుడు ఆగిపోయింది. ఖోల్‌బీబీ సంచి అక్కడే వదిలేసి, తన గదిలోకి వెళ్ళి, గోడకు ఎదురుగా కూర్చుంది. సాయంత్రం దాకా లేవలేదు.

క్షమించమని అడగడానికి మస్తూర రెండుసార్లు గుమ్మం దాకా వెళ్ళింది. రెండుసార్లూ తలుపు మొహం మీదే పడింది. తర్వాత రోజుల్లో ఖోల్‌బీబీ తిట్టడం కూడా మానేసింది. పొద్దున్నే నిండు గిన్నె చెక్కమంచం మీద పెట్టేది, వెళ్ళిపోయేది. తిట్లే నయమనిపించింది మస్తూరకు.

ఎండలు కాస్త విరిగాక ఒక మధ్యాహ్నం ఖోల్‌బీబీ తలకు గుడ్డ కట్టుకుని బజారుకు బయలుదేరింది. "కిటికీ తెరిచే ఉంది," అంది గుమ్మంలోంచి. చాలా రోజుల తర్వాత ఆమె నోట వచ్చిన మొదటి మాట అది. ఆమె ఎండ ముదిరాక కిటికీ తెరిచి వెళ్ళడం మస్తూర ఎప్పుడూ చూడలేదు. ఆ సంగతి అప్పుడు తట్టలేదు, తర్వాతే తట్టింది.

కొంతసేపటికి పిచ్చుకలు నోరు మూశాయి. ఇప్పుడు మస్తూరకు తెలుసు. తీగ మీద బట్టలు వదిలేసింది, పొయ్యి మీద మాంసం వదిలేసింది, నేరుగా దక్షిణపు గదికి పరిగెత్తింది. రొట్టె మేకు మీదే ఉంది. కిటికీ రెక్కలు లాగింది. గొళ్ళెం వేసింది. చప్పుడు. బొటనవేలికి చురుకు. వేలి మీద తుప్పు మరక. ఆ తర్వాతే తిరిగొచ్చి బట్టలు, కుండల మీది మూతలు చూసుకుంది. గాలి పెరట్లోకి దూకేసరికి వంటింట్లోకి దూరి తలుపుకు వీపు ఆనించి కూర్చుంది.

గాలి సద్దుమణిగి బయటికి వస్తే, దక్షిణపు గది గుమ్మం ముందు ఖోల్‌బీబీ చెప్పులు ఉన్నాయి. ఎప్పుడు వచ్చిందో తెలియదు. లోపల ఆమె కిటికీ రెక్కలు మూస్తోంది. నేలంతా వేలెడు మందాన దుమ్ము. ఆ దుమ్ములో రొట్టె, ముక్కలు ముక్కలుగా.

"నేను వేశాను ఖాలా," అంది మస్తూర. "దేవుడి తోడు, గొళ్ళెం నేను వేశాను."

ఖోల్‌బీబీ తిరిగి చూసింది. ఆమె బొటనవేలి మీద కూడా తుప్పు మరక ఉంది. మూస్తున్నప్పుడు అంటిందో, అంతకు ముందే అంటిందో.

"వేశావా?"

"వేశాను."

"అయితే గాలి తీసింది."

షరాఫత్ వచ్చింది, ఆమె వెనక వీధి వచ్చింది. చూసి నోళ్ళు నొక్కుకున్నారు, తర్వాత ఆ నోళ్ళు మస్తూర వైపు తిరిగాయి. "అంత అజాగ్రత్తా?" "పరాయివాళ్ళని ఇంట్లో పెట్టుకుంటే ఇంతే." "ఇన్నేళ్ళ రొట్టె తల్లీ, నీ చేతులు పడిపోను!" షరాఫత్ అయితే ఏడుస్తూ మీదికి వచ్చింది. "వాడొచ్చినా కొరకలేడని ఆవేళ అన్న మాట నిజం చేశావు కదే!" గొళ్ళెం వేశానని మస్తూర ఎంత చెప్పినా ఎవరూ వినలేదు. ఖోల్‌బీబీ ఒక్క మాట అంటే అందరూ నోరు మూసేవారు. ఆమె ఆ మాట అనలేదు. ఈ పిల్ల తప్పు కాదని అనలేదు, తప్పేనని కూడా అనలేదు. మోకాళ్ళ మీద కూర్చుని, రొట్టె ముక్కలు ఒక్కొక్కటే చేత్తో ఏరి గుడ్డలో వేసుకుంటూ ఉండిపోయింది. రొట్టెను చీపురుతో తాకరు.

అందరూ వెళ్ళాక చెక్కమంచం మీదికి వచ్చి కూర్చుంది. "టీ పెట్టు," అంది.

మస్తూర పెట్టింది. ఖోల్‌బీబీ గుడ్డ విప్పి, నెలవంక గుర్తున్న ముక్క ఏరి పట్టుకుంది. మస్తూర ఆమె గిన్నెలో టీ పోసింది, అడుగున కొంచెమే, పెద్దవాళ్ళకు పోసినట్టు. ఆమె ఆ ముక్కను అందులో ముంచింది. మెత్తబడటానికి చాలాసేపు పట్టింది. నోట్లో పెట్టుకుని నమిలింది. ఇసుక పళ్ళ కింద కరకరమనడం మస్తూరకు వినిపించింది. కొరికినవాడు తినాల్సిన రొట్టె అది. ఆ ముక్క మొత్తం తింది. కన్నీళ్ళు లేవు. మొహంలో ఎప్పటి చిరాకే.

ఖాళీ గిన్నె ముందుకు తోసింది. మస్తూర మళ్ళీ కొంచెం పోసింది.

"ఇంకా పొయ్యి."

ఇంకొంచెం పోసింది.

"చెబితే అర్థం కాదా నీకు? అంచు దాకా పొయ్యి."

మస్తూర పోసింది. టీ అంచు దాటి చెక్కమంచం మీదికి కారింది. ఖోల్‌బీబీ ఆ నిండు గిన్నె రెండు చేతుల్తో ఎత్తి, నోరు కాలుతున్నా ఆగకుండా తాగేసింది.

ఎష్మురాద్ కారు ఎప్పటిలాగే చలికాలం ముందు వచ్చింది. అతను అక్రోట్ల సంచి దించి, ఎప్పటి మాటే అందామని నోరు తెరిచేసరికి ఖోల్‌బీబీ ఒక మూటతో వచ్చి కారులో కూర్చుంది. అతను కాసేపు గుమ్మంలోనే నిలబడి, సంచి ఎత్తాలో దించాలో తెలియక చివరికి అక్కడే వదిలేశాడు. ఇంటి తాళం చెవి గోడ మీద ఉంది, షరాఫత్ చేతికి అందేచోట. అద్దె ఆమెకివ్వమనో, ఇల్లు చూసుకోమనో ఒక్క మాట చెప్పి పెట్టలేదు. మస్తూర పిండి చేతులతోనే వీధిలోకి పరిగెత్తింది.

"ఖాలా! గొళ్ళెం..."

వీధిలో ఆడవాళ్ళు గుమ్మాల్లోకి వచ్చి చూస్తున్నారు. ఆ రోజు గాలి లేదు, ఆకాశం కడిగినట్టుంది. కారులోంచి ఖోల్‌బీబీ ఆమె వంక ఒకసారి చూసింది. తర్వాత పిడి తిప్పి, కారు కిటికీ అద్దం పైదాకా ఎక్కించుకుంది.